మారు చిరునామాలను కొలుచుట: ఒక విమర్శ

హాజరుపట్టీ చదువునపుడు, రాని విద్యార్థికి బదులుగా స్నేహితుడొకడు గొంతు మార్చి "ప్రెజెంట్ సార్" అని పలుకుట మన కళాశాలలలో పాత ముచ్చటయే. దీనిని ప్రాక్సీ చెప్పుట అందురు. ఉపాధ్యాయుడు తల యెత్తకున్నచో ఆ మోసము సాగిపోవును. ఒకే గొంతు నాలుగు పేర్లకు పలికినచో మాత్రము పట్టుబడును. ఇంటర్నెట్టులో గూడ ప్రాక్సీ కలదు. అక్కడ పట్టుబడు విధానమును ఇదియే: ఒకే గొంతు మాటిమాటికి వినబడుట. అందుచే గొంతులను మార్చి మార్చి పలికించు వ్యాపార మొకటి బయలుదేరినది. ఆ వ్యాపారపు సామర్థ్యమును పరీక్షించుటకు నేడు వాడుకలో నున్న కొలతను ఈ వ్యాసములో విమర్శింప దలచితిమి. ఇందుకు కావలసిన గణితము ఉన్నత పాఠశాల విద్యార్థికి అందనిది కాదు.

చిరునామా, మధ్యవర్తి

ఇంటర్నెట్టుతో సంబంధము గల ప్రతి యంత్రమునకు సంఖ్యారూపమైన చిరునామా ఒకటి కావలెను. దీనిని ఐ.పి. చిరునామా అందురు. 1981 సెప్టెంబరులో వెలువడిన నియమావళి ప్రకారము ఇది 32 బిట్లు గల సంఖ్య. వ్రాయునపుడు దీనిని నాలుగు భాగములు చేసి, 0 మొదలు 255 వరకు గల నాలుగు సంఖ్యలుగా వ్రాయుదురు. 203.0.113.7 అనునది ఒక ఉదాహరణము. సులభముగా చెప్పవలెనన్న మొదటి మూడు సంఖ్యలును కలిసి వీధి పేరు వంటివి. నాల్గవది ఇంటి నంబరు వంటిది. ఒక్కొక్క వీధిలో 256 నంబర్లుండును. ఇట్టి చిరునామాలు మొత్తము 429 కోట్ల 49 లక్షలకు పైగా గలవు. ఇన్నియు చాలక, ప్రపంచ భాండాగారములో మిగిలిన చివరి పెద్ద భాగములు 2011 ఫిబ్రవరి 3వ తేదీన ప్రాంతీయ సంస్థలకు పంచివేయబడినవి.

మనమొక వెబ్‌సైటును చూడగోరినపుడు మన చిరునామా ఆ వెబ్‌సైటునకు తెలియును. తెలియకున్నచో జవాబు ఎచ్చటికి పంపగలదు? ప్రాక్సీ యనునది ఈ నడుమ నిలుచు మధ్యవర్తి. మన ప్రశ్నను తాను తీసికొని, తన చిరునామాతో పంపి, వచ్చిన జవాబును మనకు అందించును. కాని ఒకే చిరునామా నుండి గంటకు కొన్ని వేల ప్రశ్నలు వచ్చినచో వెబ్‌సైటువారు అనుమానించి తలుపు మూయుదురు. కావుననే ప్రతి ప్రశ్నను ఒక క్రొత్త చిరునామా ద్వారా పంపు సేవలు పుట్టినవి. దీనిని మనము చిరునామాల మార్పిడి అందము.

వేరువేరు అంగళ్ల ధరలను పోల్చి చూచువారు, ఇతర దేశములలో తమ ప్రకటనలు ఎట్లు కనబడుచున్నవో తెలిసికొనగోరువారు, పరిశోధకులు ఈ సేవలను వాడుదురు. దొంగ ఖాతాలు తెరచువారు, టిక్కెట్లను మూకుమ్మడిగా కొని హెచ్చు ధర కమ్మువారు, దొంగిలించిన పాస్‌వర్డులను వరుసగా ప్రయత్నించి చూచువారును వాడుదురు. ఇందు వాడబడు చిరునామాలు ముఖ్యముగా రెండు తెగలు. పెద్ద పెద్ద సర్వరు శాలలకు చెందినవి ఒక తెగ. మామూలు గృహస్థుల ఇండ్లలోని యంత్రములకు, చేతిలోని ఫోనులకు చెందినవి రెండవ తెగ. రెండవ తెగకు వెల యెక్కువ. ఏలయన గృహస్థుని ఎవరును తేలికగా అనుమానింపరు.

వాడుకలో నున్న కొలత

ఇట్టి సేవను పరీక్షించువారు సాధారణముగా చేయు పని యిది. సేవ ద్వారా 1,000 ప్రశ్నలు పంపుదురు. ఆవలివైపున ప్రతిసారియు ఏ చిరునామా కనబడినదో వ్రాసికొందురు. అందు వేరువేరు చిరునామాలు ఎన్నియో లెక్కింతురు. 950 తేలినచో "95 శాతము" అని మార్కులు వేయుదురు. సేవలవారు తమ వంతుగా "మా వద్ద ఇన్ని కోట్ల చిరునామాలు గలవు" అని ప్రకటింతురు. ఈ రెండంకెలను ప్రక్క ప్రక్కన చూచిన కొనుగోలుదారునకు తృప్తి కలుగును.

మా విమర్శ యేమనగా, మొదటి అంకె రెండవదానిని ఋజువు చేయజాలదు. రెండును కలిసియు మార్పిడి బాగున్నదో లేదో చెప్పజాలవు. అంతేకాక, మొదటి కొలత కొన్ని సందర్భములలో హీనమైన సేవకు మంచి సేవకంటె హెచ్చు మార్కులు వేయును. ఇది ఎట్లు జరుగునో చూతము.

కుండలో చింతగింజలు

ఒక కుండలో 100 చింతగింజలు వేసి, వానిపై 1 నుండి 100 వరకు అంకెలు వ్రాయుడు. కండ్లు మూసికొని ఒక గింజ తీసి, అంకెను వ్రాసికొని, గింజను మరల కుండలో వేసి కలుపుడు. ఇట్లు 100 మారులు చేసినచో ఎన్ని వేరువేరు అంకెలు వచ్చును? నూరును వచ్చునని చాలమంది విద్యార్థులు తలంతురు. వాస్తవమునకు సగటున 63 మాత్రమే వచ్చును. ఒక గింజ ఒకమారు చేతికి రాకుండుటకు సంభావ్యత 99/100. నూరు మారులలో ఒక్కమారును రాకుండుటకు సంభావ్యత 99/100ను నూరు మారులు హెచ్చవేయగా వచ్చునది. అది సుమారు 0.366. కావున 37 గింజల వరకు అసలు వెలుగు చూడవు.

ఇదే న్యాయము చిరునామాలకును వర్తించును. ఒక సేవ వద్ద 1,000 చిరునామాలుండి, ప్రతిమారును నిష్పక్షపాతముగా ఒకదానిని ఎన్నుకొన్నచో, 1,000 ప్రశ్నలకు సగటున 632 వేరువేరు చిరునామాలు కనబడును. 10,000 ఉన్నచో 952; లక్ష ఉన్నచో 995; కోటి ఉన్నచో 1,000కి అతి సమీపము. లక్షకును కోటికిని నూరు రెట్లు భేదమున్నను, ఈ పరీక్షలో తేడా అర మార్కు మాత్రమే! తూనికరాళ్ల అంగడిలో వాడు త్రాసుతో బంగారము తూచినట్లున్నది.

ఇంకొక విచిత్రము గలదు. వేరొక సేవ వద్ద కేవలము 1,000 చిరునామాలే యున్నవనుకొందము. అది వానిని ఎన్నుకొనక, ఒకటి, రెండు, మూడు అని వరుసగా త్రిప్పుచున్నది. దానికి 1,000 ప్రశ్నల పరీక్ష పెట్టినచో 1,000 వేరువేరు చిరునామాలు కనబడును. నూటికి నూరు మార్కులు వచ్చును! దానికంటె పదిరెట్లు పెద్దదై, నిష్పక్షపాతముగా ఎన్నుకొను 10,000 చిరునామాల సేవకు 95 మార్కులే వచ్చును. 1,001వ ప్రశ్న అడిగిన క్షణమున మొదటి సేవ గుట్టు బయటపడెడిది. కాని పరీక్షకుడు 1,000 దగ్గరనే ఆగిపోయినాడు. గుండ్రని అంకె దగ్గర ఆగవలెనను అలవాటు పరీక్షకుని మోసగించినది.

మరల కనబడినవానిని లెక్కించుడు

అట్లయిన ఏమి చేయవలెను? క్రొత్తగా కనబడినవానిని వదలి, మరల కనబడినవానిని లెక్కింపవలెను. పుట్టినరోజుల సమస్యను గణితోపాధ్యాయు లెరుగుదురు. ఒక గదిలో 23 మంది యున్నచో, వారిలో ఇద్దరి పుట్టినరోజు ఒకటే యగుటకు సగముకంటె హెచ్చు అవకాశము గలదు. 23 మందిలో జతలు 253 గదా! జతలు త్వరగా పెరుగునవి గనుక, చిన్న పరీక్షతో పెద్ద కుండను అంచనా కట్టవచ్చును.

సూత్రము సులభము. ప్రశ్నల సంఖ్య "స" అనుకొందము. జతలు స(స–1)/2. వీనిలో రెండింటను ఒకే చిరునామా కనబడిన జతలెన్నియో లెక్కించి, మొత్తము జతలను దానితో భాగించినచో, కుండలోని గింజల సంఖ్య అంచనాకు వచ్చును. తరగతిలో 30 మారులు గింజలు తీసినచో జతలు 435. అందు 4 జతలు కలిసినచో అంచనా 109. 5 జతలు కలిసినచో 87. నిజము 100. చిన్న ప్రయోగములో ఇంతమాత్రము తప్పు సహజము. పెక్కుమారులు చేసి సగటు చూచినచో తప్పు తగ్గును. 1930లో ఫ్రెడరిక్ లింకన్ అను అమెరికా పక్షిశాస్త్రజ్ఞుడు, కాళ్లకు పట్టీలు కట్టి వదలిన బాతులలో ఎన్ని మరల దొరికినవో చూచి, ఆ ఖండములోని బాతుల సంఖ్యను అంచనా కట్టినది ఇట్టి తర్కముతోనే.

కోటి చిరునామాలు గలవను సేవకు 10,000 ప్రశ్నలు పంపినచో సుమారు 5 జతలు కలియవలెను. 10 లక్షలే యున్నచో 50 జతలు కలియును. ఈ భేదమును దాచుట కష్టము. వెయ్యి ప్రశ్నలలో కనబడని అబద్ధము పదివేలలో కనబడును.

కొందరికే వంతు

సేవలవారి వద్ద నిజముగా కోటి చిరునామాలే యుండవచ్చును. కాని అన్నియు సమానముగా వాడబడుచున్నవా? ఇండ్లలోని యంత్రములు రాత్రి ఆపివేయబడును. ఫోనులు సంకేతములు లేని చోటికి పోవును. కావున సేవ తనకు నమ్మకమైన కొన్నిటినే తరచుగా వాడుట సహజము. ఒక సేవ వద్ద కోటి యున్నను, సగము ప్రశ్నలు 10,000 చిరునామాల ద్వారానే పోవుచున్నవనుకొందము. 1,000 ప్రశ్నల పరీక్షలో దానికి 988 వేరువేరు చిరునామాలు వచ్చును; అనగా దాదాపు 99 మార్కులు. కాని కలిసిన జతలను లెక్కించినచో అవి 12 వరకు తేలును. నిజమైన కోటి యున్నచో ఒక జతయైనను కలియుట అరుదు. జతల లెక్క ప్రకారము ఈ సేవ 40,000 చిరునామాలు గల సేవతో సమానము. ఆ కోటి ప్రకటనపత్రములో కలదు. పనిలో నున్నది నలుబదివేలు.

ఈ "పనిలో నున్న సంఖ్య" యను భావము క్రొత్తది కాదు. 1949లో ఎడ్వర్డ్ సింప్సన్ నేచర్ పత్రికలో వైవిధ్యమును కొలుచు పద్ధతిని ప్రకటించినాడు. యాదృచ్ఛికముగా తీసిన రెండు ప్రాణులు ఒకే జాతికి చెందుటకు గల సంభావ్యతయే ఆ కొలత. అడవిలో నూరు జాతుల చెట్లున్నను తొంబది పాళ్లు సర్వియే యైనచో దానిని వైవిధ్యము గల అడవి యనము. ఆ సంభావ్యతను తలక్రిందులు చేసినచో వచ్చునదే పైన మనము చెప్పిన సంఖ్య.

ఒకే వీధివారు

జతల లెక్కకును ఒక లోపము గలదు. రెండు చిరునామాలు వేరైనచో చాలునని అది తలచును. కాని వెబ్‌సైటువారు అట్లు తలపరు. ఒకే వీధి నుండి 256 మంది ఒకే ప్రశ్న అడిగినచో, ఇంటి నంబర్లు వేరైనంత మాత్రమున వారికి అనుమానము తీరదు. వీధి మొత్తమునకే తలుపు మూయుదురు. కావున చిరునామాల నడుమ బంధుత్వమును గూడ లెక్కింపవలెను.

ఈ పనికి తగిన పరికరమును తయారుచేసిన శాస్త్రజ్ఞుడు తెలుగువాడగుట మనకు సంతోషకరము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, కలకత్తాలోని భారత సాంఖ్యక సంస్థలో లోకప్రఖ్యాతి గడించిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు (1920–2023), 1982లో ప్రకటించిన వ్యాసములో వైవిధ్యమునకు ఒక క్రొత్త కొలతను ప్రతిపాదించిరి. యాదృచ్ఛికముగా తీసిన రెండు వస్తువుల నడుమ సగటున ఎంత దూరమున్నదో అదియే వైవిధ్యము. సింప్సన్ కొలతలో రెండు వస్తువులు ఒకటియో, వేరో అంతే. రావుగారి కొలతలో ఎంత వేరో గూడ చెప్పవచ్చును. జీవశాస్త్రజ్ఞులు దీనిని విరివిగా వాడుచున్నారు.

మన సమస్యకు దీనిని అన్వయింతము. ఒకే చిరునామా యైనచో దూరము 0. ఒకే వీధిలో వేరు ఇల్లైనచో 1/4. వీధి వేరై, ఇంటర్నెట్టు సౌకర్యమును అందించు సంస్థ ఒకటే యైనచో 1/2. సంస్థయు వేరైనచో 1. ఈ భిన్నములు మేము ఎన్నుకొన్నవి. పరీక్షకుడు తన అవసరమును బట్టి మార్చుకొనవచ్చును, కాని ముందుగా చెప్పి మార్చుకొనవలెను. ఇపుడు 256 చిరునామాలు ఒకే వీధిలో గల సేవకు దాదాపు 0.25 మార్కు వచ్చును. 256 చిరునామాలు 256 సంస్థలలో గల సేవకు దాదాపు 1 వచ్చును. వాడుకలోని లెక్కలో ఈ రెండింటికి సరిసమానముగా మార్కులు పడెడివి.

క్రొత్త రకపు చిరునామాలు వచ్చిన పిదప ఈ లోపము మరింత హాస్యాస్పదమైనది. ఐ.పి. ఆరవ రూపములో చిరునామా 128 బిట్లు గల సంఖ్య. దీని వాడుకలో భారతదేశము ప్రపంచమున ముందు వరుసలో నున్నది. ఇందు ఒక్క ఇంటికే సామాన్యముగా 64 బిట్ల ఖాళీ నిచ్చెదరు. అనగా ఒక్క ఇంటిలో 1,84,467 కోట్ల కోట్లకు పైగా చిరునామాలు! అట్టి ఇల్లు ఒక్కటి చేతిలో నున్నచో, సేవ ప్రతి ప్రశ్నకును ఎన్నడును కనబడని క్రొత్త చిరునామాను చూపగలదు. వేరువేరు చిరునామాలను లెక్కించువాడు దానికి జీవితాంతము నూటికి నూరు వేయుచునే యుండును. గుమ్మము మాత్రము ఒక్కటే. కావున ఆరవ రూపములో ఇంటిని ఒకటిగా లెక్కింపవలెను గాని ఇంటిలోని చిరునామాలను కాదు.

కొలుచువాని పొరపాట్లు

కొలత సరియైనదైనను, కొలుచువాడు పొరబడవచ్చును. మూడు పొరపాట్లు ముఖ్యమైనవి.

మొదటిది: ప్రశ్నలు పంపు ప్రోగ్రాములు చాలవరకు, ఒకమారు తెరచిన దారిని మూయక, అదే దారిలో తరువాతి ప్రశ్నలను గూడ పంపును. క్రొత్త దారి తెరచినపుడే చిరునామాను మార్చు సేవలు గలవు. అట్టి సేవకు తెరచిన దారిలోనే 1,000 ప్రశ్నలు పంపి, "చిరునామా ఒక్కమారును మారలేదు" అని నిందించుట న్యాయము కాదు. ప్రతి ప్రశ్నకును దారి మూసి తెరచుచున్నారో లేదో నివేదికలో చెప్పవలెను.

రెండవది: కొన్ని ప్రశ్నలకు జవాబు రాదు. పరీక్షకుడు వానిని వదలి, జవాబు వచ్చినవానినే లెక్కించును. ఒక సేవ 1,000 ప్రశ్నలలో 400 పోగొట్టి, మిగిలిన 600లో వేరువేరు చిరునామాలు చూపినచో అది నూటికి నూరు కాదు. పరీక్షలో జవాబు వ్రాయని ప్రశ్నలను వదలి, వ్రాసినవానికే శాతము కట్టినట్లగును.

మూడవది: కాలము. పది నిమిషములలో ముగించిన పరీక్ష ఆ పది నిమిషములను గూర్చియే చెప్పును. ఒక దేశములో ఇండ్లు నిద్రించు వేళ మరియొక దేశములో మేల్కొనును. కుండలోని గింజలు గంట గంటకును మారును. కావున పగలును రాత్రియు, వారములో వేరువేరు రోజులలో కొలువవలెను. మరియొక సంగతి: మార్పు వద్దని వినియోగదారుడు కోరిన సందర్భములు గలవు. ఒక పత్రమును నింపునపుడు పది నిమిషముల వరకు ఒకే చిరునామా నిలువవలెను. మారుమన్నపుడు మారుట యెంత ముఖ్యమో, నిలువుమన్నపుడు నిలుచుట అంత ముఖ్యము. వాడుకలోని కొలత రెండవదానిని అడుగనే అడుగదు.

చిరునామా ఇల్లు కాదు

ఇంతవరకు చెప్పినది కొనుగోలుదారునకు సంబంధించినది. ఇక వార్తాపత్రికలు చదువు పాఠకునికి సంబంధించిన విమర్శ ఒకటి గలదు. 2009 జనవరి, ఫిబ్రవరి నెలలలో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము, శాంటా బార్బరా శాఖకు చెందిన పరిశోధకులు, టోర్పిగ్ అను దుష్ట ప్రోగ్రాము సోకిన యంత్రముల సమూహమును పది దినములు తమ అధీనములోనికి తెచ్చుకొనిరి. ఆ యంత్రములకు వేరువేరు గుర్తులుండుటచే, చిరునామాలను, యంత్రములను విడివిడిగా లెక్కించుట సాధ్యమైనది. కనబడిన చిరునామాలు 12,47,642. యంత్రములు 1,82,800 మాత్రమే! చిరునామాలను లెక్కించి యంత్రములనుకొన్నవాడు దాదాపు ఏడు రెట్లు పొరబడియుండును. కారణము దుర్గ్రాహ్యము కాదు. ఒకే ఇంటికి సంస్థలవారు అప్పుడప్పుడు క్రొత్త చిరునామా నిచ్చుచుందురు. దినములు గడిచినకొలది ఒకే యంత్రము అనేక చిరునామాలతో కనబడును.

దీనికి వ్యతిరేకమైన పొరపాటును గలదు. పాత రకపు చిరునామాలు చాలకపోవుటచే, మన దేశపు సెల్‌ఫోను సంస్థలు ఒకే చిరునామాను అనేక ఫోనులకు ఉమ్మడిగా పంచి యిచ్చుచున్నవి. అచ్చట ఒక చిరునామా వెనుక ఒక వీధియంత జనముండవచ్చును. ఒకవైపు ఒక్కడు ఏడుగురుగా కనబడును. మరియొకవైపు నూరుగురు ఒక్కడుగా కనబడుదురు.

2019లో ప్రకటింపబడిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో, శాస్త్రజ్ఞులు ఇండ్ల చిరునామాలను అమ్ము సేవలకు తామే ఖాతాదారులై, తమ సర్వరులకే ప్రశ్నలు పంపుకొని, 230కి పైగా దేశములలో, ప్రాంతములలో 60 లక్షలకు పైగా చిరునామాలను గుర్తించిరి. ఇది ఓర్పుతో, నేర్పుతో చేసిన పని. ఆవలి వైపు సర్వరు తమదే యగుటచే వారి సాక్ష్యము బలమైనది. ఇతరుల వెబ్‌సైటు చెప్పిన మాటను వారు నమ్మవలసిన పనిలేదు. కాని ఆ సంఖ్యను చదివి "60 లక్షల ఇండ్లు" అనుకొను పాఠకుడు పొరబడును. అవి నెలల తరబడి కనబడిన చిరునామాలు. ఒకనాడు ఒకేమారు పనిచేయుచుండిన ఇండ్లు కావు. అట్లే 2024 మే నెలలో అమెరికా న్యాయశాఖ 911 ఎస్5 అను సేవను నిర్మూలించితిమని ప్రకటించుచు, దానితో సంబంధము గల చిరునామాలు 1 కోటి 90 లక్షలకు పైగా నున్నవని చెప్పినది. అది "చిరునామాలు" అనియే చెప్పినది. యంత్రములని మనము చదువుకొన్నచో తప్పు మనది.

ఆ యిల్లు ఎవరిది?

ఈ 911 ఎస్5 ఉదంతములో మరియొక పాఠము గలదు. ఆ చిరునామాల యజమానులలో అనేకులకు తమ యంత్రము అద్దెకు పోవుచున్నదని తెలియదు. ఉచితముగా దొరకు ప్రోగ్రాములను వారు దించుకొనిరి. వానితో బాటు దొంగదారియు ఇంటిలో ప్రవేశించినది. న్యాయశాఖ వారి కథనము ప్రకారము, ఆ దారి గుండా జరిగిన మోసములలో నిరుద్యోగ భృతిని దొంగ పేర్లతో కాజేయుటయు నొకటి. అట్టి మోసము జరిగినపుడు పోలీసుల చేతిలో మొదట పడునది ఎవరి చిరునామా? మోసగానిది కాదు, ఏమియు నెరుగని గృహస్థుది. హాజరుపట్టీలో ప్రాక్సీ చెప్పువాడు తెలిసి చెప్పును. ఇచ్చట గొంతు అరువిచ్చినవానికి తన గొంతు పోయిన సంగతియే తెలియదు.

వాడుకలోని కొలతపై మా ముఖ్యమైన ఆక్షేపణ యిదియే. వేరువేరు చిరునామాలు ఎన్ని యెక్కువైన అన్ని మార్కులను కొలత, సేవలవారికి ఒక ఆజ్ఞ వంటిది: ఇంకను ఇండ్లను చేర్చుకొనుడు, ఎట్లయినను చేర్చుకొనుడు. కొలత దేనిని మెచ్చునో సంత దానిని పెంచును. చిరునామాల యజమానులు తెలిసి సమ్మతించిరా, వారికి ప్రతిఫలము దక్కినదా, వద్దనుకొన్నపుడు తప్పుకొను దారి గలదా అను ప్రశ్నలు ఏ మార్కుల పట్టికలోను చోటు చేసికొనవు. సమ్మతిని సంఖ్యతో కొలువలేమని కొందరు అందురు. నిజమే. కొలువలేనిదానిని అడిగి వ్రాయవచ్చును గదా! జవాబు రానిచో "జవాబు రాలేదు" అని వ్రాయవచ్చును.

మంచి నివేదిక యెట్లుండవలెను?

కావున చిరునామాల మార్పిడిని పరీక్షించు నివేదికలో ఈ క్రింది సంగతు లుండవలెనని మా అభిప్రాయము. ఎన్ని ప్రశ్నలు పంపిరి, ఎన్నింటికి జవాబు రాలేదు. ఎన్ని జతలు కలిసినవి, దానివలన తేలిన "పనిలో నున్న సంఖ్య" ఎంత. వీధులు, సంస్థలు ఎంత వేరుగా నున్నవి. మరల కనబడిన చిరునామాలు ఒక వరుసలో వచ్చుచున్నవా, చెదరి వచ్చుచున్నవా. నిలువుమన్నపుడు ఎంతసేపు నిలిచినవి. ఏ దినములలో, ఏ గంటలలో కొలిచిరి. చిట్టచివరకు, ఆ యిండ్లవారి సమ్మతిని గూర్చి సేవలవారు ఏమని చెప్పిరి. వీనిలో ఒక్కటియు లేక "95 శాతము" అను అంకె మాత్రమే యున్నచో ఆ నివేదికను ప్రక్కన పెట్టవచ్చును.

ఉపాధ్యాయులకు ఒక మనవి. చింతగింజల ప్రయోగమునకు ఒక పీరియడు చాలును. తరగతిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టు కుండలో ఎన్ని గింజలు వేసినదో రెండవ జట్టునకు చెప్పకుండ నుంచుడు. రెండవ జట్టు 30 మారులు తీసి, జతలను లెక్కించి, కుండలోని సంఖ్యను చెప్పవలెను. మొదటి జట్టువారు, కావలెనన్న, కొన్ని అంకెలను రెండేసి, మూడేసి గింజలపై వ్రాసి మోసపుచ్చవచ్చును. ఆ మోసమును జతల లెక్క ఎట్లు బయటపెట్టునో విద్యార్థులే కనుగొందురు. విద్యార్థులకును ఒక మాట. ఉచితమని చెప్పు యాప్‌ను ఫోనులో దించుకొనుటకు ముందు, అది నీ ఇంటి చిరునామాను ఎవరికైన అరువిచ్చుచున్నదేమో దాని షరతులలో చదివి చూడుము. ఎవరి లెక్కలోనో నీ యిల్లును ఒక గింజ కాగూడదు.